ఒక్కపొద్దు చేపలు

నాట్లు పడేలోపు దిగువ మడిలో చేయాల్సిన పనులు ఇవి. గట్లు మోకాలెత్తు లేపాలి. ఒక పక్కన మడి పొడుగునా నడుములోతు కాలువ తవ్వాలి. ఎండ ముదిరినా నీళ్లు తగ్గినా చేపపిల్లలు అందులోకి దిగి బతుకుతాయి. నీళ్లు వచ్చే చోటా, పోయే తూము దగ్గరా సన్నకన్ను వల కట్టాలి. ఎండ్రికాయలు, అంటే పీతలు, గట్లకు చేసిన బొక్కలు పూడ్చాలి. పేడ చల్లాలి. సిద్దిపేట నుంచి చేపపిల్లల సంచులు తేవడానికి ఆటో మాట్లాడాలి. పై మడి దుబ్బయ్యకు ఒక మాట చెప్పాలి. మడి ఎవరిదో ఆ పోచయ్యకు, నీ మడిలో చేపలు వేస్తున్నామని చెప్పాలి.

ప్రసూన అన్నీ చేసింది. చివరిది తప్ప.

పోచయ్య ఆమెకు మామ. నంగునూరుకు ఆనుకుని ఉన్న పల్లె వాళ్లది. ఆమె భర్త రాజేశ్ ప్రజ్ఞాపూర్‌లో టైర్ల దుకాణంలో పనిచేస్తాడు, ఆదివారం మాత్రమే ఇంటికొస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది ముగ్గురు: పోచయ్య, ప్రసూన, ఒకటో తరగతి చదివే స్నిగ్ధ. మామాకోడళ్ల మధ్య ఎప్పుడూ గొడవ రాలేదు. గొడవ వచ్చేంత మాటలు వాళ్ల మధ్య ఉండేవి కావు.

అత్త స్వరాజ్యం మంచాన పడ్డ ఏడాది పోచయ్య గురువు దగ్గర బోధ తీసుకున్నాడు. ఇక నీసు ముట్టనని మాటిచ్చాడు. నీసు అంటే ఆ దిక్కున కోడీ, మేకా, చేపా, గుడ్డూ అన్నీ కలిపి. ఆమె బతికితే చాలనుకున్నాడు. స్వరాజ్యం పోయింది, బోధ ఉండిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో నీసు ఉడకలేదు.

ఎండాకాలంలో స్నిగ్ధకు బడిలో పరీక్ష చేసి రక్తం తక్కువ ఉందన్నారు. ప్రసూన బిడ్డను సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ కంటిరెప్ప కిందికి లాగి చూసి, "మందులు రాస్తున్న. మందుల మీదనే ఎన్నొద్దులు నడిపిస్తవమ్మా? రోజుకో గుడ్డు పెట్టు. చేపలు పెట్టు" అన్నది. ప్రసూన తలూపింది. బస్సులో వచ్చేటప్పుడు కూడా తలూపుతూనే ఉంది. ఇంటికొచ్చాక మామకు ఏమీ చెప్పలేదు.

చెప్తే వద్దనే మనిషి కాదు. సరే అనే మనిషి. అదే ఆమె భయం. పొయ్యి మీద నీసు ఎక్కిన రోజున, "వండుకోండ్రి బిడ్డా" అని, ఆ పొయ్యి మీది అన్నం తినడం మానేస్తాడు. పోయిన మనిషి పేరు మీద ఇచ్చిన మాట తప్పానని లోపల్లోపల కుమిలిపోతాడు, పైకి నడుం నొప్పి అంటాడు. అది చూసే ధైర్యం ఆమెకు లేదు.

అలా తోచక ఉన్న రోజుల్లోనే మహిళా సంఘం మీటింగుకు మత్స్య శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. సన్న చేపపిల్లలను తెచ్చి నేరుగా చెరువులో వేస్తే కొర్రమట్టల లాంటి పెద్ద చేపలకు ఫలహారం అవుతున్నాయని, వరి మడిలో కోత దాకా పెంచి, వేలంత అయ్యాక చెరువులో వదిలితే బతుకుతాయని చెప్పింది. వచ్చే ఎండాకాలానికి ఇంటింటికీ చేప దొరుకుతుందని, అంగన్‌వాడీ పిల్లలకూ పెట్టొచ్చని చెప్పింది. మత్స్య సంఘం పెద్ద యాదగిరి కూడా వచ్చాడు. చేపలు తమ పని, వరి మీ పని, మధ్యలో ఇదేం పని అని కాసేపు వాదించి, చివరికి పిల్లలను చెరువుకు చేర్చే పని తమదేనని ఒప్పుకున్నాడు.

"నీళ్లు ఎప్పుడూ నిలిచే మడి ఎవలకున్నది?" అని ఆఫీసరమ్మ అడిగితే అందరూ ప్రసూన వైపు చూశారు. పంట కాలువ ఊట పట్టి, తూము తీస్తే తప్ప వాళ్ల దిగువ మడి శివరాత్రికి కూడా ఆరదు.

ప్రసూన చెయ్యెత్తింది. ఆమె లెక్క ఒకటే. చేప ముందు మడిలోకి వస్తే తర్వాత వాకిట్లోకి వస్తుంది. మామ కళ్లు దానికి అలవాటు పడతాయి. అలవాటైన దాని గురించి మాట్లాడటం సులువు.

కాలువ తవ్విన మర్నాడు పోచయ్య మడి దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏందిది బిడ్డా? మడిల మోరి తవ్విచ్చినవ్."

"నీళ్ల కోసం మామా."

"మడి నిండ నీళ్లేనాయె. నీళ్లల్ల మళ్ల నీళ్ల కోసమా?"

ప్రసూనకు అబద్ధం అంతకంటే ఎక్కువ దూరం నడవదు. "చేపపిల్లల కోసం మామా."

పోచయ్య మెడలో తులసిపూసలు సర్దుకున్నాడు. "తినెటందుకా?"

"పెంచెటందుకు. జర పెద్దగైనంక చెరువుల ఇడుస్తం."

"చెరువుల ఇడిసినంక?"

"చెరువు సంగతి చెరువుది మామా."

పోచయ్య ఆలోచించాడు. "ఇడుసుడు మంచిదే" అని ఇంటికి వెళ్లిపోయాడు.

పై మడి దుబ్బయ్య, వరసకు పోచయ్యకు బావమరిది, గట్టు మీద నుంచి ఇదంతా విన్నాడు. "బావా, బోధ తీస్కున్నోని మడిల చేపలట! రేపు గుళ్లె కల్లు దుకాణం పెడ్తరా?" అని వెనక నుంచి కేకేశాడు. పోచయ్య వెనక్కి తిరగలేదు.

నాట్లు పడి మొక్క నిలదొక్కుకున్నాక చేపపిల్లలు వచ్చాయి. గాలి నింపిన సంచులను ప్రసూన కాసేపు మడి నీళ్లలో తేలనిచ్చి, తర్వాత మూతి విప్పింది. మూడు రకాలు: బొచ్చె, రోహు, బంగారుతీగ. పోచయ్య దూరం నుంచి చూద్దామని వచ్చి, కనపడక దగ్గరికి వచ్చి, ఇంకా కనపడక వంగాడు.

"గివి చేపలా? దోమపిల్లల లెక్కున్నయి."

"పెద్దగైతయి మామా. పొద్దుగాల తౌడు ఏయాలె."

పొద్దున్నే ప్రసూనకు స్నిగ్ధను బడికి పంపే పని ఉంటుంది. కాబట్టి తౌడు పని పోచయ్య మీద పడింది. ఆమె అలా పడేటట్టే చూసింది.

పోచయ్య ఏ పని చేసినా వరసగా చేస్తాడు. డబ్బా తీసుకుని కాలువ దగ్గర కూర్చుని, గులకరాయితో డబ్బాను టక్‌టక్‌మని కొట్టి, తర్వాత తౌడు చల్లేవాడు. మొదట్లో ఏవీ వచ్చేవి కావు. కొన్నాళ్లకు డబ్బా చప్పుడు కాగానే నీళ్లు గిలగిలలాడేవి. ఇంకొన్నాళ్లకు ఆయన గట్టు మీద నడిచొస్తుంటేనే కాలువ మూలకు చేరి నోళ్లు తెరిచేవి.

శనివారం పోచయ్యకు ఒక్కపొద్దు. పొద్దు గూకేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. ఒక శనివారం తౌడు డబ్బా నిండుగా అరుగు మీదే ఉండటం ప్రసూన చూసింది.

"మామా, చేపలకు ఏయలేదా?"

"శనివారం."

"శనివారమైతే?"

"నా మడిలున్నయి కదా."

ప్రసూన ఆఫీసరమ్మకు ఫోన్ చేసి, చేపలు వారానికో రోజు ఒక్కపొద్దు ఉంటే ఏమైనా అవుతుందా అని అడిగింది. ఏమీ కాదు, నీళ్లు శుభ్రంగా ఉంటాయి, మంచిదే అన్నది ఆమె. ఆ సంగతి ప్రసూన మామకు చెప్పలేదు. ఆయనకు ఇంకొకరి మద్దతు అక్కరలేదు.

కొంగలు దిగడం మొదలుపెట్టాయి. పోచయ్య అటక మీది పాత భజన క్యాసెట్లు దించి, వాటి రీళ్లు లాగి మడికి అడ్డంగా నిలువుగా కట్టాడు. గాలికి రీళ్లు మెరుస్తూ జుయ్యిమనేవి. కొంగలు భజనకు నిలవలేదు.

ఒకరోజు ఆయన దిగాలుగా ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని, కలపకుండా చూస్తూ ఉన్నాడు.

"ఏమైంది మామా?"

"అవి పురుగులు తింటున్నయి."

"తింటయి మామా. మొగిపురుగును తింటయి, దోమను తింటయి. వరికి మంచిదే."

"కడుపు నిండ తౌడు ఏస్తున్న కదా. ఇంక పురుగులెందుకు?"

ప్రసూన నవ్వు రాకుండా చారు గిన్నె వైపు చూసింది. "వాటికి బోధ లేదు మామా."

"ఊఁ" అన్నాడు పోచయ్య. "గురువు దొరకాలె గదా." అని అన్నం కలుపుకున్నాడు.

వరి పొట్టకొచ్చే ముందు ఆ చుట్టుపక్కల మొగిపురుగు పడింది. దుబ్బయ్య గుళికల మందు సంచి భుజాన వేసుకుని పై మడికి వచ్చాడు. ఆ ఊళ్లో పై మడి నీళ్లు గండి గుండా కింది మడిలోకి దిగుతాయి. ఎవరూ ఎవరినీ అడగరు, తాతల నాటి కట్టుబాటు. చేపలు చస్తాయి, మందు వేయొద్దని నాట్లకు ముందు ప్రసూన చెప్పిన మాటకు దుబ్బయ్య "చూద్దాం తియ్" అన్నాడు. అంటే చూడనని అర్థం. ఆమె వెళ్లి మళ్లీ బతిమాలదామని బయల్దేరేసరికి, పోచయ్య అప్పటికే గండి దగ్గర ఉన్నాడు. పారతో మట్టి వేసి గండిని పూడ్చి, దాని మీద నిలబడి ఉన్నాడు.

"బావా, పక్కకు జరుగు. పైనోని నీళ్లు కిందికి రావాలె. తాతలు పెట్టిన కట్టుబాటు."

"నీళ్లు రావాలె. మందు రావాలెనని తాతలు చెప్పిన్రా?"

"తాతలకు గుళికలు ఎరుకనా?"

"గందుకే చెప్పలే."

"నాలుగు చేపల కోసం నా పంట పోగొడ్తవా? నువ్వు తినేది లేదు, తాగేది లేదు!"

"నాలుగు గావు" అన్నాడు పోచయ్య. ఆ మాట తప్ప మిగతా దేనికీ అభ్యంతరం లేనట్టుగా అన్నాడు.

దుబ్బయ్య కాసేపు తిట్టాడు. పోచయ్య విన్నాడు. బోధ తీసుకున్న మనిషిని తిడితే ఏమవుతుందో అన్న అనుమానం దుబ్బయ్యకు మధ్యలో వచ్చింది. గుళికల సంచి ఇంటికి తీసుకుపోయి, వేపనూనె కొట్టాడు. "మా బావ చేపలు నాకు వేపనూనె తాపినయి" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన పోయే భజన మండలిలో పోచయ్యకు చేపల పోచయ్య అని పేరు పడింది.

ప్రసూన ఆ సాయంత్రం సంతోషపడింది. మామ కళ్లు అలవాటు పడ్డాయి అనుకుంది. అవి మరీ ఎక్కువ అలవాటు పడ్డాయని ఆమెకు తెలిసింది దసరా పోయాకే.

వరి పండింది. కోత మిషన్ ఊళ్లోకి వచ్చింది. దుబ్బయ్య మడి కోసి, వడ్లు రోడ్డు మీద ఆరబోశాడు. దిగువ మడిలోనూ తూము తీసి నీళ్లు వదలాలి. నీళ్లు తగ్గితే చేపలన్నీ కాలువలోకి చేరతాయి. యాదగిరి వచ్చి పట్టి చెరువుకు చేరుస్తాడు. మడి ఆరితే మిషన్ దిగుతుంది. తూము తీయాల్సింది పోచయ్య.

ఒకనాడు అమావాస్య అన్నాడు. ఒకనాడు నడుం నొప్పి అన్నాడు. ఒకనాడు తూము దాకా పోయి తిరిగొచ్చాడు. కంకులు వంగి నీళ్లను తాకుతున్నాయి, గింజ రాలుతోంది. ఇంకొన్నాళ్లయితే నిలబడ్డ వరి నిలబడ్డట్టే మొలకెత్తుతుంది, మిషన్ వేరే ఊరికి పోతుంది. ఏడాది తిండిగింజలూ పోతాయి, చేపలూ మురిగిన నీళ్లలో పోతాయి. స్నిగ్ధ బడి నుంచి వచ్చి, సంచి దించి, ఆడుకోకుండా అరుగు మీద పడుకుంటోంది. ప్రసూన యాదగిరికి కబురు పెట్టింది.

ఆయన వల, బిందెలు, ఇద్దరు మనుషులతో వచ్చేసరికి పోచయ్య తూము రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"పెద్దయ్యా, జర లేస్తవా? తూము తియ్యాలె."

"లేవ."

"ఎందుకు?"

"కూసున్న."

యాదగిరి ప్రసూన వైపు చూశాడు. ఆయన చాలా చేపలను పట్టాడు గానీ తూము మీద కూర్చున్న మనిషిని ఎప్పుడూ పట్టలేదు.

"ఇడుసుడు మంచిదని నువ్వే అన్నవట గదా?"

"మంచిదే. చెరువుల ఇడిసినంక, ఎండకాలం వల వట్టుకొని ఎవలొస్తరు?"

"నేనే వస్త."

"గందుకే లేవ."

గట్టు మీద నుంచి దుబ్బయ్య అందుకున్నాడు. "బావా, వడ్లు మొలకలొస్తే కోడలు మీ అందరికీ గడ్డి వండి పెడ్తది. నీసు గాదు తియ్, బోధకు ఏం గాదు!"

ప్రసూన యాదగిరి వాళ్లను కాసేపు చెట్టు కిందికి పంపింది. దుబ్బయ్యను ఎవరూ పంపలేరు కాబట్టి ఆయన ఉన్నాడు. ఆమె వచ్చి మామకు కొంచెం దూరంలో గట్టు మీద కూర్చుంది. మామ ముందు ఆమె ఎప్పుడూ కూర్చుని మాట్లాడలేదు.

పోచయ్యే మొదలుపెట్టాడు. "వాళ్లకు తెల్వది బిడ్డా. డబ్బ కొడ్తే చేపలు వస్తయి. నన్ను చూసే వస్తయి. పిలిచి వలల ఏసుడు ఎట్ల?"

ప్రసూన దగ్గర ఉన్నది వేరే మాట.

"మామా, స్నిగ్ధకు రక్తం తక్కువున్నది."

పోచయ్య ఆమె వైపు తిరిగాడు.

"మందులు తాపుతున్న. డాక్టరమ్మ గుడ్లు, చేపలు పెట్టుమన్నది. నేను పెట్టలే."

"ఎప్పుడు చెప్పింది?"

"ఎండకాలం."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు సరే అంటరని."

నీళ్లలో ఏదో ఎగిరి పడింది. పోచయ్య దాని వైపు చూడలేదు. పై గట్టు మీద దుబ్బయ్య, జీవితంలో మొదటిసారి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

"నీసు ముట్టనన్నది నేను" అన్నాడు పోచయ్య చివరికి. "పొల్ల అన్నదా?"

"అనలే మామా."

"పొల్ల బోధ తీస్కున్నదా?"

"లేదు. అత్తమ్మ పేరు మీద మీరిచ్చిన మాట గదా అని..."

"గది నా నోటి మాట. దాని నోటికి నేనెట్ల తాళమేస్త? మీ అత్త బతికుంటే నన్ను చీపురు వట్టుకొని కొట్టేది."

ఆయన లేచాడు. లేవడానికి నిజంగానే నడుం నొప్పిగా ఉంది. తూము రాయిని తనే పక్కకు జరిపాడు. నీళ్లు వల గుండా బయటికి పోవడం మొదలైంది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి మడి బురద తేలింది, చేపలు కాలువలోకి దిగాయి. కానీ కాలువ పొడుగు. ఒక మూలకు చేరితే గాని నలగకుండా పట్టలేమన్నాడు యాదగిరి.

పోచయ్య తౌడు డబ్బా తీసుకుని మూలన కూర్చున్నాడు. గులకరాయితో కొట్టాడు. అవి వచ్చాయి. యాదగిరి వెనక నుంచి వల దించాడు. "చాలు పెద్దయ్యా" అనేదాకా పోచయ్య కొడుతూనే ఉన్నాడు. అన్న తర్వాత కూడా ఇంకాసేపు కొట్టాడు.

"సంచులల్ల ఏయకు" అన్నాడు. "బిందెలల్ల ఏయి, నీళ్లతోటి. ఎండ తాకకుంట తీస్కపో."

"అట్లనే. లావుయి కూడ ఉన్నయి పెద్దయ్యా, బంగారుతీగలు అరచెయ్యంత అయినయి. చెరువుకేనా?"

"లావుయి మా పొల్లకు."

"ఎన్ని తియ్యాలె?"

"నాతోటి లెక్క పెట్టియ్యకు" అన్నాడు పోచయ్య, డబ్బా అక్కడే పెట్టి ఇంటి దారి పట్టాడు. చెరువులో వదిలేటప్పుడు చూడటానికి రాలేదు.

ప్రసూన ఇంటికి వెళ్లేసరికి ఆయన వాకిట్లో, కొట్టం పక్కన, మూడు రాళ్లు పెట్టి మట్టి మెత్తి పొయ్యి వేస్తున్నాడు. గిన్నె దుబ్బయ్య ఇంటి నుంచి వచ్చింది. "తోమి వండుకోండ్రి, వేపనూనె వాసన రావద్దు" అన్న మాట కూడా గిన్నెతో పాటు వచ్చింది. పొయ్యి వేసేటప్పుడు పోచయ్య గాలి సంగతి చూసుకోలేదు. పొగా, పులుసు వాసనా నేరుగా ఆయన మంచం మీదికే వచ్చాయి. ప్రసూన పొయ్యిని అటు పక్కకు జరుపుదామన్నది. "ఉండనియ్" అన్నాడు.

స్నిగ్ధ పళ్లెం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

"తాతా, ముండ్లున్నయి."

అరచెయ్యంత చేప, ఒళ్లంతా ముళ్లే. ప్రసూన పొయ్యి దగ్గర నుంచి చేయి కడుక్కుని వచ్చేలోపే పోచయ్య పళ్లెం తన వైపు లాక్కున్నాడు. బోధకు ముందు ఆ ఊళ్లో చేప ముళ్లు ఏరడంలో ఆయనను మించినవాడు లేడని స్వరాజ్యం అనేది. ఆయన తల వంచుకుని, ఒక్కో ముల్లూ తీసి పళ్లెం అంచున పెట్టి, మెత్తటి కండ అన్నంలో కలిపి మనవరాలి ముందుకు జరిపాడు.

"ఇగ తిను."

స్నిగ్ధ తిన్నది. ఇంకా కావాలన్నది. ఆయన ఇంకా ఏరాడు. అది చాలనేదాకా ఏరి, లేచి, బోరు దగ్గరికి వెళ్లి తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, తన అన్నం తను తిన్నాడు. ఆ పొయ్యి వెలిగిన ప్రతిరోజూ అలాగే రెండు స్నానాలు చేస్తాడు. తినకుండా ముట్టుకుంటే బోధ ఉన్నట్టా పోయినట్టా అని భజన మండలిలో చర్చ పెట్టారు. ఇప్పటికీ తేలలేదు. తేలేదాకా తాళాలు వాయించే పని మాత్రం ఆయనకే ఇచ్చారు.

వరి కొంత రాలినా, తిండికి సరిపోయింది. ఎండాకాలానికి చెరువులో చేపలు చేతికొచ్చాయి. సంఘం ఇళ్లకూ అంగన్‌వాడీకీ చేరాయి. స్నిగ్ధ కంటిరెప్ప లాగి చూసి డాక్టరమ్మ ఈసారి మందులు తగ్గించింది. ఇప్పుడు దుబ్బయ్య తన మడిలో కూడా కాలువ తవ్వించి, గట్టు మీద నిలబడి, గుళికల మందు ఎంత పాపమో వచ్చేపోయేవాళ్లకు చెప్తున్నాడు.

మృగశిర నాడు మన దిక్కున చేప ఉడకని ఇల్లు తక్కువ. మీరూ తింటారు. పిల్లల పళ్లెంలో ముళ్లు ఏరి అంచున పెట్టేటప్పుడు, పెంచిన చేపలను పేరుపేరునా పిలిచినట్టు పిలిచి, ఒక్క ముక్కా నోట్లో వేసుకోని మనిషి ఒకాయన ఉన్నాడని అనుకోండి. పోచయ్యను ఒకసారి యాది చేసుకోండి.